నా జబ్బు, మీ సాక్ష్యం

గవర్నర్‌పేట, విజయవాడ
2023 జూన్ 12

వదినా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని అన్నయ్య అడుగుతాడు. కారణం నువ్వే. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో ఉంటుంది. నేను "విరేచనం సరిగ్గా అవ్వట్లేదు వదినా" అంటే నీకంటే ముందు పాలావిడ "బొప్పాయి తినమనండమ్మా" అంటుంది. ఉత్తరానికి స్పీకర్ ఉండదు గదా.

పామర్రు బస్సులో ఒక కాగితాల కట్ట పంపిస్తున్నాను. పుస్తకం రాశాను. పేరు "ఎడమవైపు ఖాళీ". లాయరుగారి ఆఫీసులో ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ గొడవలు టైపు చేశాను, ఈసారి నా గొడవ నేనే టైపు చేసుకున్నాను. రొమ్ము క్యాన్సర్ మీద నవ్వొచ్చే పుస్తకం. నోరు వెళ్ళబెట్టకు. ఏడుస్తూ రాస్తే ఎవరూ చదవరు. చదివినా డజను అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకొస్తారు, వచ్చిన ప్రతివాళ్ళూ తమకు తెలిసిన ఒక చచ్చిపోయినావిడ కథ కూడా వెంట తెస్తారు. వాళ్ళందరి మీదా ఒళ్ళు మండి రాశాను.

నీ మీదా మండింది, అదీ రాశాను. ఊరందరికీ నాకు "గుండె దగ్గర ఆపరేషన్" అని చెప్పావు. రొమ్ము అనడానికి నోరు రాలేదు నీకు. దాంతో మీ చర్చి సంఘపెద్ద జక్కయ్యగారు బస్సెక్కి వచ్చి, తన బైపాస్ సంగతి గంటసేపు చెప్పి, నన్ను నెయ్యి మానెయ్యమని చెప్పి, నేను పెట్టిన నేతి ఉప్మా తిని వెళ్ళారు. ఆ అధ్యాయం పేరు "గుండె దగ్గర". ఇంకొకటి చీమల అధ్యాయం. ఎడమ రొమ్ము తీసేశాక, సిలికాన్‌ది కొనకముందు గుడ్డసంచిలో బియ్యపు నూకలు పోసి జాకెట్లో పెట్టుకుని చర్చికెళ్ళాను చూడు, అదీ. ప్రసంగం మధ్యలో వెనక బెంచీ ఆవిడ "అమ్మా, మీలోంచి చీమలొస్తన్నాయి" అంది. ఇంకా, మొదటి కీమో రోజు అన్నయ్య తోడొచ్చి, నాకు సూది గుచ్చుతుంటే తను కళ్ళు తిరిగి పడిపోవడం. నా మంచం ఆయనకిచ్చి, నా సెలైన్ స్టాండు నేనే పట్టుకుని, ఇంకో చేత్తో విసురుతూ నిలబడ్డాను. నర్సులు ఆయన్నే పేషెంటనుకున్నారు.

మొన్న స్కాన్ తీశారు. పెరగలేదన్నారు. ఇంజెక్షన్లు మామూలే.

మీ ఇద్దరి గురించి రాసినచోట ఇష్టం లేనిది ఉంటే కొట్టేసి పంపు. తెలుగు టీచరువి గనక ఒత్తులూ దీర్ఘాలూ కూడా చూడు. తర్వాత అచ్చుకిస్తాను.

వెన్నెముకలో జబ్బున్నా నాలుకకి ఏ జబ్బూ లేని నీ ఆడపడుచు,
హెలెన్


పామర్రు
2023 జూన్ 29

ప్రియమైన హెలెన్‌కి,

ప్రభువు కాపుదలలో నువ్వూ, మీవారు డేనియల్ అన్నయ్యగారూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ కాలవకి నీళ్ళొదిలారు. మీ అన్నయ్య పొద్దస్తమానం నారుమడి దగ్గరే. నా మోకాళ్ళు వానాకాలం వచ్చిందని నాకు ముందే చెప్పాయి.

నీ కట్ట అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. అంత నొప్పిలో అంత వెటకారం ఎట్లా వచ్చిందే నీకు? నా నోట రాని ఆ మాట పేజీకి నాలుగుసార్లు రాశావు. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ కట్ట ఎక్కడ దాచాలో తెలియక నా బీరువాలో చీరల కింద పెట్టాను. పరామర్శకొచ్చినవాళ్ళ గురించి అట్లా రాస్తే రేపు మన గుమ్మం ఎవరు తొక్కుతారు? జక్కయ్యగారు పెద్దమనిషి. ఆయన నెయ్యి తిన్న సంగతి లోకానికి ఎందుకమ్మా?

సరే, దిద్దమన్నావు గనక దిద్దాను. కొంచెం ఎక్కువే దిద్దానేమో. నీ మంచికే.

స్కాన్ సంగతి ఆదివారం చెప్తే సంఘమంతా చప్పట్లు కొట్టింది. నీకోసం ఎన్ని శుక్రవారాలు ఉపవాసమున్నారో నీకు తెలియదు. ఆగస్టులో చర్చిలో కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. ఆ రోజు నీకు ఇంజెక్షన్ అని మీ అన్నయ్య చెప్పారు, రాలేవు. నువ్వు రాకపోయినా నీ మాట అందరికీ అందేట్టు ఒక ఏర్పాటు చేస్తున్నాను. ఏంటని అడక్కు. చూస్తే సంతోషిస్తావు.

కొత్తావకాయ సీసా పంపుతున్నాను. డాక్టరమ్మ వద్దంటే మూత తీసి వాసన చూసుకో.

నీ వదిన,
ఎలిజబెత్


గవర్నర్‌పేట
2023 సెప్టెంబర్ 4

శ్రీమతి ఎలిజబెత్ గారికి,

ఇందుమూలముగా మీకు తెలియజేయునది ఏమనగా, నా క్లయింటు, అనగా నేనే, తన జబ్బు గురించి తాను రాసుకున్న పుస్తకమును మీకు చదువు నిమిత్తము మాత్రమే పంపగా, మీరు సదరు పుస్తకమును

చాల్లే. నోటీసు భాషలో నా కోపం పట్టడం లేదు.

మొన్న పొద్దున పప్పుకి పోపు పెడుతుంటే ఫోనొచ్చింది. ఎవరో సాయిగణేష్‌ట. మీ పామర్రు కాలవగట్టు మీద ఇల్లు. "సాక్ష్యం హెలెన్ అమ్మగారేనాండీ?" అన్నాడు. ఏ కేసులో సాక్ష్యం బాబూ అన్నాను. "మీ పుస్తకం వెనకాల నంబరుందండీ. మా అమ్మ కనకలక్ష్మిక్కూడా మీకొచ్చిందే వచ్చిందండీ. రెండు కీమోలైనాయి. మీ పుస్తకం చదివించుకున్నాక ఇంక సూదులొద్దని కూర్చుందండీ. మీరు మందులు ఎప్పుడు మానేశారో కనుక్కోమందండీ" అన్నాడు.

పోపు మాడింది. ఇల్లంతా పొగ. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. "మానలేదు బాబూ, మానకూడదు, అమ్మని రేపే తీసుకురా" అని అరిచాను. అతను నమ్మలేదు వదినా. "పుస్తకంలో అట్టా లేదండీ" అన్నాడు.

డేనియల్‌ని బస్సెక్కించి ఆ పుస్తకం తెప్పించాను. నా అసలు కట్ట కూడా అడిగి తెమ్మన్నాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అట్ట మీద "సహోదరి హెలెన్ సాక్ష్యము", అంటే దేవుడు నాకు చేసిన మేలు నేనే చెప్పుకోవడమట. లోపల నా పెళ్ళి ఫొటో, నడుం దాకా జడతో. చీమల అధ్యాయం ఎగిరిపోయింది, దాని బదులు శరీరం అశాశ్వతమని ఒక పేరా. పరామర్శల అధ్యాయం మొత్తానికీ ఒకటే వాక్యం: "సంఘబిడ్డల పలకరింపులు నాకు మిగుల ఆదరణ కలిగించెను." నాకా? ఆదరణా? అన్నయ్య సంగతి చూడు: "నా సహోదరుడు నా పడక యొద్ద మోకరించి కన్నీటితో ప్రార్థించుచుండెను." మోకరించలేదు వదినా, పడిపోయాడు!

ఇక చివరి పేజీ. "నేను సంపూర్ణ స్వస్థత పొందితిని." ఎవరు పొందితిరి? ఎప్పుడు పొందితిరి? నాక్కూడా ఒక మాట చెప్పకపోయారా, ఆస్పత్రికి తిరిగే బాధన్నా తప్పేది.

వెయ్యి కాపీలు వేయించావట. కూడికలో మైకు పట్టుకుని నువ్వే చదివావట. జనం ఏడ్చారట. నవ్వడానికి రాసినదాన్ని ఏడిపించడానికి వాడావు. నా రొమ్ము డాక్టరమ్మ కోసింది. ముందు చెప్పింది, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది, సంతకం పెట్టించుకుని కోసింది. నా పుస్తకం నువ్వు కోశావు, నాకొక మాట చెప్పకుండా కోశావు.

ఆ కనకలక్ష్మి ఎవరో నాకు తెలియదు. ఆవిడకేమన్నా అయితే అది నా పేరు మీద అవుతుంది. నీకు సిగ్గనిపించడం లేదా? నాకు ఒళ్ళంతా మండిపోతోంది.

హెలెన్


పామర్రు
2023 సెప్టెంబర్ 11

హెలెన్‌కి,

వందనాలు. నీ తిట్లన్నీ అందాయి.

నేనూ కోపంగానే రాస్తున్నాను. ఇష్టం లేనిది కొట్టెయ్యమని నీ చేత్తో నువ్వు రాశావు. నాకు ఇష్టం లేనివన్నీ కొట్టేశాను. కొట్టెయ్యగా ఏం మిగిలిందో అదే అచ్చువేయించాను. పెరగలేదని కూడా నువ్వే రాశావు. పెరగలేదంటే దేవుడు ఆపాడనుకున్నాం, ఆపినవాడు తీసేశాడనుకున్నాం. ఇక్కడ ఇంతమంది పస్తులుండి నీకోసం మొరపెట్టారు. మోకాళ్ళు వంగని నేను కూడా నేలమీద కూర్చున్నాను. మీ ప్రార్థనలకి జవాబు రాలేదు, పొండి అని వాళ్ళ మొహం మీద చెప్పమంటావా?

నువ్వు నవ్వుతావు. జబ్బు నీది, నవ్వే హక్కు నీకుంది. మరి మేం ఎక్కడికి పోయి ఏడవాలి? నీకు జుట్టు రాలిందని తెలిసినరోజు నేను వంటింట్లో గ్రైండర్ వేసుకుని ఏడ్చాను, మీ అన్నయ్యకి వినపడకుండా. నీ పుస్తకంలో అందుకు చోటు లేదు. అందరం వేళాకోళమే నీకు.

ఇంకో సంగతి. డేనియల్ అన్నయ్యగారు వచ్చి నీ కట్ట అడిగినప్పుడు బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టాను. నేను కాఫీ కలిపి తెచ్చేలోపల మీ అన్నయ్య అదీ, అచ్చు పుస్తకమూ రెండూ తిరగేశారు. అప్పట్నుంచి మనిషి నోరు విప్పడం లేదు. అన్నం పెడితే తింటారు, లేకపోతే లేదు. పెద్దన్న పడిపోయాడని, నర్సులు పేషెంటనుకున్నారని రాస్తే ఏ మగవాడికి తలవంపులు కాదు? చెల్లెలి చేతిలో పరువుపోయిందని కుమిలిపోతున్నారు. ఆ పాపం నీది.

కనకలక్ష్మి సంగతంటావా, మందులు మానమని ఆ పుస్తకంలో ఎక్కడుందో వేలుపెట్టి చూపించు. ఒక్క ముక్క లేదు. ఊళ్ళో ఎవరు మాత్ర మింగకపోయినా నేనేనా బాధ్యురాలిని?

ఎలిజబెత్


గవర్నర్‌పేట
2023 సెప్టెంబర్ 15

వదినా,

ఎక్కడా లేదు. నిజమే. మా లాయరుగారైతే కేసు నువ్వే గెలిచావనేవారు.

మందులు మానమని లేదు. అసలు మందులే లేవు! డాక్టరమ్మని కొట్టేశావు, నర్సమ్మల్ని కొట్టేశావు, వాంతులు కొట్టేశావు, సూదులు కొట్టేశావు. కన్నీళ్ళున్నాయి, ప్రార్థనుంది, చివర్న స్వస్థతుంది. మధ్యలో ఏం జరిగిందని ఆవిడ అనుకోవాలి?

పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్తాను, విను. పెరగలేదంటే ఉందని. వెన్నులో ఉంది. అది పోదు. నేనున్నన్నాళ్ళూ అదీ ఉంటుంది. నేను బాగుపడను వదినా. బాగుపడకుండానే బతుకుతున్నాను. కూర వండుతున్నాను, ఆఫీసుకెళ్తున్నాను, డేనియల్‌తో పోట్లాడుతున్నాను, రైతుబజార్లో కూడా బేరమాడుతున్నాను. నా పుస్తకమంతా ఆ ఒక్క సంగతి గురించే. నువ్వు కొట్టేసింది కూడా దాన్నే. బాగుపడినదాన్నయితేనే నేను పనికొస్తానా మీకు? బాగుపడకపోతే చూపించుకోవడానికి సిగ్గా?

ఏడవడానికి చోటు లేదన్నావు. ఏడువు. ఎవరొద్దన్నారు? ఆ గ్రైండర్ ఆపేసి నా దగ్గరికొచ్చి ఏడువు. నా పేరుతో మాత్రం ఏడవకు.

అన్నయ్య పేజీ తీసేస్తాను. ఆయన్ని పలుచన చెయ్యాలని రాయలేదు. ఆ రోజు నాకు చచ్చేంత భయంగా ఉంది. ఆయన దబ్బుమని పడేసరికి భయపడ్డం మర్చిపోయాను. ఆ మాట రాయడం నాకు చేతకాలేదు, నవ్వు రాయడం చేతనయింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. ముందు కనకలక్ష్మి ఇంటికెళ్ళు. ఒకసారి సాయిగణేష్ ఎత్తాడు, తర్వాత నుంచి నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాకు విశ్వాసం తగ్గిపోయి అట్లా మాట్లాడుతున్నానని ఎవరో చెప్పారట, అది కూడా మీవాళ్ళ పనే. తర్వాత ఏ మైకులో చదివావో అదే మైకులో నిజం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెప్తాను. నేను మాట్లాడితే రొమ్ము అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో నీకు బాగా తెలుసు.

హెలెన్


పామర్రు
2023 అక్టోబర్ 3

హెలెన్,

వెళ్ళాను.

కాలవగట్టు మీద రేకుల ఇల్లు. కనకలక్ష్మి మనవాళ్ళు కాదు, కానీ శుక్రవారం శుక్రవారం కూడికకొచ్చి వెనక కూర్చుంటుంది. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది. మందులు ఎందుకు మానేశావమ్మా అన్నాను. "ఒకపక్క సూదులేయించుకుంటా ఇంకోపక్క దేవుణ్ణి నమ్మాననడం దొంగతనం గదండీ. ఆ అమ్మగారు పూర్తిగా నమ్మింది, ఆమెకి తగ్గింది. నాకు రోజురోజుకీ గడ్డ పెద్దదవతంది. నా నమ్మకంలోనే ఏదో లోపముందండీ" అంది.

గడ్డ పెరుగుతుంటే ఆవిడ తన నమ్మకాన్ని తిట్టుకుంటూ కూర్చుంది హెలెన్. నేను రాసిన ఒక్క వాక్యానికి.

"ఆమెకి తగ్గలేదమ్మా. ఆమె ఇప్పటికీ సూదులేయించుకుంటోంది. ఆ చివరి మాట ఆమె రాయలేదు, నేను రాశాను" అని చెప్పాను. "మీరు బళ్ళో పంతులమ్మ గదండీ. లేనిది ఉన్నట్టు ఎట్టా అచ్చేయించారండీ?" అంది. కుర్చీ తీసేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అటునుంచి అటే ఫిన్నీ పాస్టరుగారి దగ్గరికెళ్ళాను. "కన్వెన్షన్ సభలు అవ్వనివ్వండి అమ్మగారూ, ఇప్పుడు చెప్తే కొత్తగా వచ్చేవాళ్ళు తొట్రుపడతారు" అన్నారు. కన్వెన్షన్ డిసెంబర్లో! అప్పటిదాకా ఆ గడ్డ ఆగుతుందా? నాకెప్పుడూ రానంత కోపమొచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ చర్చికి ముందు వెళ్ళి చాపలు పరిచినదాన్ని, ఎవరికీ ఎదురుమాట చెప్పనిదాన్ని. ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. ఆ వేళ ఎవరైనా లేవచ్చు, ఎవరూ అడ్డం చెప్పకూడదు.

హెలెన్‌కి తగ్గలేదని చెప్పాను. ఆ పుస్తకంలో అబద్ధం ఉందని, అది రాసింది నేనని చెప్పాను. మందులు వేసుకునేవాళ్ళెవరూ మానొద్దన్నాను. జక్కయ్యగారు సైగ చేస్తే మైకు కట్టేశారు. మైకు లేకుండా గదినిండా పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు మైకు కట్టేస్తారా? నీ "గుండె దగ్గర" నేను కొట్టేసినా కంఠతా వచ్చేసింది. ఎర్ర పెన్ను పట్టుకుని అన్నిసార్లు చదివితే రాదా? మొత్తం అప్పజెప్పాను. ఆయన నేతి ఉప్మా దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళ వైపునుంచి కిసుక్కుమని ఒక నవ్వు, ఆ తర్వాత ఇంక ఆగలేదు. జక్కయ్యగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. రొమ్ము అని కూడా అన్నాను. మొదటిసారి గొంతు తగ్గించి అన్నాను. నాలుగైదుసార్లు అనేసరికి మామూలు మాటే అయిపోయింది.

నన్ను చర్చి స్త్రీల సమాజం అధ్యక్ష పదవికి రాజీనామా ఇమ్మన్నారు. ఇవ్వను, కావాలంటే తీసెయ్యండన్నాను. తీసేశారు. దొరికిన పుస్తకాలన్నీ ఇల్లిల్లూ తిరిగి తెచ్చి నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టాను. కొందరివ్వలేదు. "మా ఇంట్లో ఆ పుస్తకం దిండు కింద పెట్టుకుంటున్నారండీ" అన్నారు. వాళ్ళని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

ఆ ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మీ అన్నయ్య నోరు విప్పారు. "పడిపోయానని చెల్లి రాస్తే నాకేం సిగ్గు? పడిపోయాను గదా. చెయ్యని ప్రార్థన చేశానని నువ్వు రాశావే, అందుకు సిగ్గేసింది ఎలిజబెత్. ఊళ్ళో అందరూ నన్ను భక్తిపరుడని చూస్తుంటే తలెత్తుకోలేకపోతున్నా" అన్నారు. ఇన్నాళ్ళూ నీ మీద కోపమనుకున్నాను. నా మీదట. పేజీ తియ్యొద్దని చెప్పమన్నారు.

సాయిగణేష్ నిన్న ఫోన్ చేశాడు. అమ్మ ఆస్పత్రికి వస్తానందట. ఎందుకు మనసు మార్చుకుందో అడిగే మొహం నాకు లేదు.

క్షమించమని అడగను. అడిగితే దానిమీద ఒక అధ్యాయం రాస్తావు.

ఎలిజబెత్


గవర్నర్‌పేట
2023 అక్టోబర్ 20

వదినా,

ఇంకా కోపంగానే ఉన్నాను. జక్కయ్యగారు చెప్పులేసుకుని పోవడం చదివి డేనియలూ నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం, అయినా కోపంగానే ఉన్నాను. అవి రెండూ వేరువేరు.

కనకలక్ష్మి వచ్చింది. బుధవారం నా పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. సన్నటి మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుంది. నర్సమ్మ నన్ను పేరుపెట్టి పిలవగానే ఇటు తిరిగి, "మీరేనా ఆవిడ?" అంది. నేనేనన్నాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. సెలైన్ సగం అయ్యేదాకా తిట్టింది. నిన్ను తిట్టింది, పాస్టరుగారిని తిట్టింది, "మీ ఇంటి సంగతి మీరు చూసుకోలేనోళ్ళు మా కొంపల్లోకి పుస్తకాలు పంపుతారా?" అని నన్ను తిట్టింది. అది నేను రాసింది కాదని చెప్పబోయాను. "పేరు మీదే, బొమ్మ మీదే, నంబరు మీదే. ఇంక ఎవరిని తిట్టమంటారు?" అంది. నర్సమ్మ ఆపబోతే, ఆగమ్మా, తిట్టనీ అన్నాను.

నన్నెవరైనా మొహం మీద తిట్టి రెండేళ్ళయింది వదినా. అందరూ నాతో శవం పక్కన మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడతారు. ఆవిడ అట్లా అరుస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. గడ్డ బాగా పెరిగింది. ముందనుకున్నట్టు కోయడానికి వీల్లేదన్నారు. మళ్ళీ మొదట్నుంచి మందులు పెట్టి చూస్తారట. తగ్గుతుందో లేదో డాక్టరమ్మ చెప్పలేదు. నేను రెండుసార్లు అడిగినా చెప్పలేదు. నీకు తెలియాలని రాస్తున్నాను. నిద్రపట్టకపోతే పట్టకపోనీ, నాకూ పట్టడం లేదు.

తిట్టి తిట్టి అలిసిపోయింది. తర్వాత, "మీకిది పోదంటగా?" అంది. పోదన్నాను. "మరి దాని మీద నవ్వులాట పుస్తకం రాశారంట, మా వాడు చెప్పాడు. నవ్వెట్టా వస్తదండీ?" అంది. కోపమొచ్చి రాశాను, ఏడవడం ఇష్టంలేక అన్నాను. పైన వేలాడే సీసా వైపు చూస్తూ, "నాకూ వస్తందండీ కోపం" అంది. "మా ఇంట్లో ఎవరూ పడనివ్వరు. ఓర్చుకోమంటారు." అప్పుడు నా కట్టలోంచి ఒక అధ్యాయం చదివి వినిపించాను. నవ్వలేదు. "ఇది కొంచెం మెల్లిగా చదవండి, నాకు అందట్లా" అంది. మళ్ళీ మొదట్నుంచి చదివాను.

పుస్తకం అచ్చుకిచ్చాను. ఒక్క ముక్క కొట్టెయ్యలేదు. అన్నయ్య పేజీ ఉంది. సాక్ష్యం పుస్తకం సంగతి, ఆ చివరి వాక్యం ఏం చేసిందో ఆ సంగతి, నీ పేరుతో సహా కలిపాను. నవంబర్లో వస్తుంది. నచ్చకపోతే నువ్వు వేరే పుస్తకం రాసుకో.

కనకలక్ష్మికీ నాకూ మళ్ళీ ఒకే రోజు పడింది, వచ్చే నెల ఒకటిన. ఆ రోజు నువ్వు రా. మోకాళ్ళని చెప్పకు, అన్నయ్యని చెప్పకు, పామర్రు నుంచి బస్సుకేం కరువు లేదు. మా ఇద్దరి మధ్యన ఒక స్టూలు వేయిస్తాను. నిన్ను ఇంకా చాలా తిట్టాల్సి ఉంది వదినా. ఒక్కదాన్నే తిడదామంటే ఆయాసమొస్తోంది, ఆవిడకీ అంతేనట. నాకు ఓపికైపోయినప్పుడు ఆవిడ అందుకుంటానంది.

హెలెన్